పల్నాడు నుండి పరదేశానికి

నరసరావుపేట బస్టాండు బయట, మేము నిలబడిన చోటికి ఎదురుగా, గోడకు రెండు ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. ఒకదాని మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి బొమ్మ, కింద 'ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్' అని పెద్ద అక్షరాలు. రెండవదాని మీద ఎత్తయిన మేడలు, పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న యువకుడు, 'గల్ఫ్‌లో ఉద్యోగాలు: ఎలక్ట్రీషియన్, ప్లంబర్, డ్రైవర్' అన్న వరుస. ఈ రెండవ ఫ్లెక్సీ వంటి దాని కారణంగానే ఆ రోజు మేమిద్దరము ప్రయాణం కట్టవలసి వచ్చింది. మొదటిది అనుకోకుండా ఎదురైంది. కాని మూడు రోజుల పాటు మా సంభాషణ ఆ దేశం చుట్టూనే తిరుగుతుందని అప్పుడు మాకు తెలియదు.

గురజాల దగ్గరి పల్లెలో ఉంటున్న మా ఆపా వారం క్రితం ఫోను చేసింది. "బాబుకు దుబాయి వీసా వచ్చింది. శుక్రవారం జుమా నమాజు కాగానే బయలుదేరుతాడు. దుఆ చేసి సాగనంపడానికి మీరిద్దరూ రావాలి" అన్నది. పిల్లవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పూర్తి చేశాడు. రెండేళ్ళుగా పిడుగురాళ్ళలో మోటార్లు బాగుచేస్తున్నాడు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు ఇవ్వాలట. సగం ఇచ్చేశారట. తక్కిన సగానికి ఆపా గాజులు కుదువ పెట్టే ఆలోచన నడుస్తున్నదట. ఏ వీసా అని అడిగాము. "విజిట్ వీసా. అక్కడికి వెళ్ళాక మార్పిస్తారట" అన్నది. ఆ మాట విన్నాక శుక్రవారం దాకా ఆగలేక బుధవారమే బయలుదేరాము.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి పల్నాడు జిల్లా ఏర్పడిన తర్వాత నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. ఊరు దాటి పడమరకు సాగుతున్నకొద్దీ నేల మారుతుంది. ప్రత్తి చేలు, మిరప చేలు, మధ్యమధ్య నాపరాయి పలకలు నిలబెట్టి కట్టిన దడులు. ఇక్కడి సున్నపురాయి పిడుగురాళ్ళ బట్టీలలో కాలి సున్నమై ఎన్ని ఊళ్ళ గోడలకో చేరుతుంది. బట్టీల దగ్గరకు వచ్చేసరికి చెట్ల ఆకుల మీద, దుకాణాల తడకల మీద తెల్లని పొర కనిపించింది. ఆ పొడిలో రోజంతా నిలబడి పనిచేసే కుర్రవాడు దుబాయి మేడల బొమ్మను చూసి మోజుపడితే తప్పు పట్టగలమా అని మాకు మేమే అనుకున్నాము.

పల్నాడు అనగానే తెలుగువారికి 12వ శతాబ్దపు యుద్ధం గుర్తుకు వస్తుంది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి రణరంగం. ఆ కథలో ఒక వలస ఉన్న సంగతిని చాలామంది మరచిపోతారు. పందెంలో ఓడిన పక్షం మాచర్ల విడిచి ఏడేండ్లు పరాయిచోట తలదాచుకుంటుంది. గడువు తీరాక తిరిగి వచ్చి, ఒప్పుకున్న ప్రకారం తమ భాగం తమకు ఇమ్మంటుంది. గురజాల పక్షం ఇవ్వనంటుంది. రక్తం చిందినది అక్కడి నుండే. వెళ్ళినవాడు తిరిగివచ్చేసరికి అతనికిచ్చిన మాట నిలిచి ఉంటుందా అన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు.

అసర్ వేళకు ఆపా ఇంటికి చేరాము. ఇంటి వెనుక భాయిజాన్ కౌలుకు చేస్తున్న మూడెకరాల మిరప చేను. మొదటి కోత మొదలైంది. చేను గట్టున నీలిరంగు పట్టాలతో వేసిన నాలుగు గుడారాలు, వాటి ముందు రాళ్ళ పొయ్యిలు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుండి కోతకు వచ్చిన కుటుంబాలు అవి. అక్కడివారు ఈ పోకను 'సుగ్గికి పోవడం' అంటారు. తమ ఊరిలో వానాధారపు పంట పోయినా, పంట చేతికి వచ్చి పని అయిపోయినా, పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు వైపు ప్రత్తి, మిరప కోతలకు వస్తారు. బడిలో పేరున్న పిల్లలు ఆ నెలలన్నీ చేలగట్ల మీదనే గడుపుతారు. ఒక పదేళ్ళ పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొని మమ్మల్ని చూస్తూ నిలబడింది.

రాత్రి భోజనాలయ్యాక కాగితాలు చూపమన్నాము. పిల్లవాడు ఉత్సాహంగా ఫోను తెచ్చి ఇచ్చాడు. అందులో వీసా బొమ్మ ఒకటి, ఏజెంటు పంపిన మాటల రికార్డులు కొన్ని. అంతే. ఏ కంపెనీ, జీతమెంత, ఉండడానికి గది ఎవరిస్తారు, పని గంటలెన్ని అన్నవి ఎక్కడా లేవు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం నేరమని చెప్పాము. "అందరూ అలాగే వెళుతున్నారు ఖాలూ. అతను మన మస్జిద్‌కు వచ్చేవాడే. నమ్మకస్తుడు" అన్నాడు.

"డబ్బు ఇచ్చినట్లు రసీదు ఉన్నదా?" అని భాయిజాన్‌ను అడిగాము.

ఆయన కొంత నొచ్చుకున్నారు. "తెలిసిన మనిషిని రసీదు అడుగుతామా? మర్యాదగా ఉంటుందా?"

ఈ మర్యాద గురించే ఈ వ్యాసం రాయాలనిపించింది. దివ్యఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏదని పిల్లలను అడిగితే బఖరా సూరాలోని 282వ ఆయత్ అని టక్కున చెబుతారు. అందులో ఏమున్నదని అడిగితే పెద్దలు కూడా తడుముకుంటారు. స్వర్గనరకాల వర్ణన కాదు, ప్రవక్తల చరిత్ర కాదు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు దానిని రాసిపెట్టుకోమన్న ఆదేశం అది. రాసేవాడు న్యాయంగా రాయాలి, రాయడానికి నిరాకరించకూడదు, సాక్షులు ఉండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా విసుగు పడకూడదు. ఇంత వివరంగా అల్లాహ్ ఒక లావాదేవీ గురించి ఆదేశిస్తే, మనం దానిని అపనమ్మకానికి గుర్తుగా భావించి సిగ్గుపడుతున్నాము.

భాయిజాన్ మాట్లాడలేదు. "రేపు మాచర్ల వెళ్ళి మామూను అడుగుదాము. గల్ఫ్ సంగతి ఆయన కన్నా తెలిసినవారు మన ఇంట్లో లేరు" అని ఆపాయే తేల్చింది.

మాచర్లలో ఉంటున్న మా మామూకు ఇప్పుడు డెబ్బై దాటింది. 1980లలో కువైట్ వెళ్ళి ఒక నిర్మాణ సంస్థలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. గల్ఫ్ వలస అంటే మన రాష్ట్రంలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల పేర్లే ముందు వినిపిస్తాయి. ఆ రోజుల్లో పల్నాడు నుండి వెళ్ళిన కొద్దిమందిలో ఆయన ఒకరు. మేము వెళ్ళేసరికి వరండాలో కూర్చొని తస్బీహ్ తిప్పుకుంటున్నారు. సంగతి విని, పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, తన కథ చెప్పారు. ఇంతకు ముందు కూడా విన్నామే గాని, ఈసారి విన్న తీరు వేరు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. ఆయన పనిచేసే సంస్థ మూతపడింది, యజమాని కనిపించలేదు, మూడు నెలల జీతం రాలేదు. బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుండి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయిలో దిగారు. దాదాపు రెండు నెలల పాటు సాగిన ఆ విమానాల రాకపోకలలో లక్షకు పైగా భారతీయులు ఇల్లు చేరారు.

"నా గదిలో ఇద్దరు ఫిలిప్పీన్ వాళ్ళు ఉండేవారు" అన్నారు మామూ. "వాళ్ళలో ఒకడు మిందనావో ద్వీపం వాడు, మన వాడే, ముసల్మాను. పేరుకు ఎలక్ట్రీషియనే గాని కాగితాల విషయంలో వకీలు. పని ఒప్పందం నకలు, సివిల్ ఐడీ నకలు, ప్రతి నెలా జీతం చీటీ, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి దిండు కింద ఉంచుకునేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఎడారిలో లారీ ఎక్కేటప్పుడు నేను బట్టల పెట్టె మోశాను. వాడు ఆ సంచి మోశాడు. పోతూ పోతూ నా సివిల్ ఐడీ కూడా వాడే వెదికి నా జేబులో పెట్టాడు."

యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి ఒక పరిహార సంఘాన్ని నెలకొల్పింది. కువైట్ విడిచిపోవలసి వచ్చిన విదేశీ కార్మికులకు ఇరాక్ చమురు ఆదాయం నుండి పరిహారం చెల్లించింది. మామూ ఆ అర్జీకి జతపరచిన ఆధారం ఆ చిన్న కార్డే. కొన్నేళ్ళకు వచ్చిన ఆ డబ్బుతోనే ఇప్పుడు మేము కూర్చున్న వరండా వేయించారు. అదే బస్సులో వచ్చిన మరొకరి దగ్గర ఏ కాగితమూ లేక చాలా తిరగవలసి వచ్చిందట.

ఆ మిందనావో మనిషికి కాగితాల మీద అంత పట్టుదల ఎక్కడి నుండి వచ్చింది? దానికి వెనుక వంద సంవత్సరాల అనుభవం ఉంది.

ఫిలిప్పీన్స్ అంటే మన పాఠకులకు క్రైస్తవ దేశంగానే తెలుసు. అయితే దాని దక్షిణ భాగమైన సులు దీవులకు, మిందనావోకు ఇస్లాం స్పెయిన్ వారి కన్నా చాలా ముందే, వర్తకులతో, బోధకులతో చేరింది. 14వ శతాబ్దంలో షేక్ కరీముల్ మఖ్దూమ్ పేరిట సిమునుల్ దీవిలో వెలసిన మస్జిద్‌ను ఆ దేశంలోని తొలి మస్జిద్‌గా చెబుతారు. 1571లో స్పెయిన్ వారు వశపరచుకునే నాటికి మనీలాను ఏలుతున్నవాడు కూడా సులేమాన్ అనే ముస్లిం రాజే. మన పిల్లలు వైద్యవిద్యకు వెళుతున్న దావావో నగరం ఈ మిందనావో మీదనే ఉంది. నరసరావుపేట గోడ మీది ఫ్లెక్సీలో ఈ సంగతి లేదు.

1898లో ఆ దేశం స్పెయిన్ చేతి నుండి అమెరికా చేతికి మారింది. హవాయి దీవులలో చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. 1906 డిసెంబరులో పదిహేనుమంది ఇలోకానో రైతులు 'డోరిక్' అనే ఓడలో హొనొలులు రేవులో దిగారు. తర్వాతి నలభై ఏళ్ళలో లక్షకు మించి వారి వెనుక వెళ్ళారు. కొందరు కాలిఫోర్నియా చేరి ద్రాక్ష, ఆస్పరాగస్ కోతలలో కుదిరారు. వారిలో అత్యధికులు పెళ్ళికాని మగవాళ్ళు. ఊళ్ళు మారుతూ పంటను బట్టి కదిలే బ్రతుకు. 1930లో వాట్సన్‌విల్‌లో వారి మీద దాడులు జరిగి ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. తెల్లవారిని పెళ్ళాడటానికి కాలిఫోర్నియా చట్టం అడ్డుపడింది. 1934 చట్టం వారి రాకను ఏడాదికి యాభైమందికి కుదించింది. అట్లా ఒంటరిగానే ముసలివారైన ఆ తరాన్ని 'మనోంగ్'లు అంటారు. వారి భాషలో అన్నకు ఆ పిలుపు, మనం భాయి అన్నట్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నేషనల్ హోటల్ అనే పాత కట్టడంలో చౌక గదులలో తలదాచుకున్న ఆ వృద్ధులను 1977 ఆగస్టులో రాత్రివేళ పోలీసులు బయటికి తరలించారు. యాభై ఏళ్ళు ఆ దేశానికి పంట కోసిపెట్టినవారికి చివరకు తమదంటూ ఒక గది దక్కలేదు.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటలలో, లారీ ఇత్లియోంగ్ నాయకత్వంలో మొదట పని ఆపినవారు ఈ ఫిలిప్పీన్ కూలీలే. వారి తర్వాత మెక్సికన్ కూలీలు చేరి అది పెద్ద ఉద్యమమైంది. ఏళ్ళ తరబడి పోరాడి, తోటల యజమానులతో లిఖిత ఒప్పందాలు చేయించుకున్నారు. ఇక హవాయిలో, ఆ పదిహేనుమంది దిగిన 88 ఏళ్ళకు, 1994లో ఫిలిప్పీన్ వలసకుటుంబపు బిడ్డ బెన్ కయెతానో రాష్ట్ర గవర్నరుగా ఎన్నికయ్యాడు. అమెరికాలో ఆలస్యంగానైనా స్థిరపడే దారి దొరికింది. గల్ఫ్ మార్గం అట్లాంటిది కాదు. ఎన్నేళ్ళు పనిచేసినా అక్కడ సాధారణ కార్మికుడికి పౌరసత్వం రాదు. వెళ్ళిన ప్రతివాడూ ఒకనాడు తిరిగి రావలసినవాడే. ఆ కారణం చేత అక్కడికి వెళ్ళేవానికి పని ఒప్పందమే ఇల్లు, అదే ఊరు.

1974లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తన ప్రజలను విదేశాలకు పంపడాన్నే ఒక విధానంగా చేసుకున్నది. చమురు డబ్బుతో గల్ఫ్ కట్టుకుంటున్న రోజులవి. మొదట మగవారు, తర్వాత ఇంటిపనికి స్త్రీలు. 1995లో రెండు సంఘటనలు ఆ దేశాన్ని కుదిపివేశాయి. మార్చిలో ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అనే పనిమనిషిని సింగపూర్‌లో ఉరితీశారు. అదే ఏడు మిందనావోకు చెందిన సారా బలబాగన్ అనే ముస్లిం బాలికకు ఎమిరేట్స్‌లో మరణశిక్ష పడింది. తన మీద అత్యాచారానికి పూనుకున్న యజమానిని పొడిచానని ఆమె చెప్పింది. పదహారేళ్ళయినా నిండని ఆమెకు కాగితాలలో వయసు పెంచి వేయించి పంపారు. లోకమంతా గొంతెత్తడంతో శిక్ష తగ్గి, దియత్ చెల్లించాక, 1996లో ఇల్లు చేరింది. ప్రజలు వీధులకెక్కడంతో 1995 జూన్‌లోనే ప్రవాస కార్మికుల చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ వెళ్ళేవారంతా ముందుగా ఒక శిక్షణకు హాజరుకావాలి. పని ఒప్పందాన్ని ప్రభుత్వం సరిచూసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం చూపనిదే విమానం ఎక్కనివ్వరు. 2006 నుండి ఇంటిపనికి వెళ్ళే స్త్రీల వద్ద ఏజెంట్లు రుసుము తీసుకోరాదు.

ఇంత చేసినా అక్కడ కన్నీళ్ళు ఆగలేదన్నది కూడా చెప్పాలి. 2018లో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్ పనిమనిషి మృతదేహం ఖాళీ ఇంట్లోని ఫ్రీజరులో బయటపడింది. ఆ ప్రభుత్వం కువైట్‌కు మనుషులను పంపడం ఆపివేసింది. మే నెలలో రెండు దేశాలు సంతకం చేసిన ఒప్పందంలో యజమాని పాస్‌పోర్టు లాక్కోరాదని, ఫోను వాడుకోనివ్వాలని రాయవలసి వచ్చింది. తిండి, బట్ట, ఫోను అన్నవి కూడా రాస్తేనే దక్కుతున్నాయి. మన దేశం కువైట్‌తో ఇంటిపనివారి గురించి అటువంటి ఒడంబడిక చేసుకున్నది 2021లో. ఇక తల్లులు పరదేశంలో ఇతరుల పిల్లలను పెంచుతూ ఉంటే, సొంత పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరగడం ఆ దేశంలో మామూలైపోయింది. దానికి ఏ ధ్రువపత్రమూ మందు కాదు. ఆ దేశం ఆ డబ్బు మీద ఇంతగా ఆధారపడటం మాకు మెచ్చుకోదగినదిగా తోచదు.

మామూ మధ్యలో ఒక మాట అన్నారు. "రాస్తే చాలదు. వేలిముద్ర వేయించుకున్నవాళ్ళూ రాసే వేయించుకున్నారు." ఆయన ఉద్దేశించినది మన తెలుగువారి పాత వలస. మద్రాసు నుండి 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల కోసం వెళ్ళిన ఆ తొలి ఓడలో తెలుగువారూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 1903 నుండి మద్రాసు ఓడలు ఫిజీకి నడిచాయి. ఐదేళ్ళ ఒప్పందాన్ని, అంటే 'అగ్రిమెంటు'ను, కూలీలు 'గిరిమిట్' అన్నారు. నోరు తిరగని ఆ మాటే వారి బ్రతుకుకు పేరైంది. కాగితం ఉన్నది, ముద్ర ఉన్నది, ప్రభుత్వం ఉన్నది. కాని అందులో ఏమున్నదో ముద్ర వేసినవానికి తెలియదు. గడువు ముగిశాక కొందరు తిరిగి వచ్చారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. బర్మాకైతే ఇంతకన్నా ఎక్కువమంది వెళ్ళారు. తెలుగువారిని అక్కడ కోరంగి రేవు పేరుతోనే 'కోరంగీలు' అన్నారు. 1942లో జపాన్ సేనల ముందు అడవుల గుండా కాలినడకన తిరిగి వచ్చిన లక్షలాది భారతీయులలో వారూ ఉన్నారు.

బఖరా సూరాలోని ఆ ఆయత్‌ను మళ్ళీ చూస్తే, మామూ సందేహానికి సమాధానం అందులోనే కనిపిస్తుంది. పత్రంలోని మాటలను చెప్పి రాయించవలసినది ఎవరు? అప్పు ఇచ్చిన బలవంతుడు కాదు. అప్పు తీర్చవలసినవాడు, భారం ఎవరి మీద పడుతుందో అతడు. అతనికి తెలివిడి లేకపోతే, చెప్పలేకపోతే, అతని తరఫు మనిషి న్యాయంగా చెప్పాలి. గిరిమిట్ కాగితంలో లేనిది ఇదే.

హిజ్రత్ గాథలోనూ ఒక సంగతి ఉంది, మన ఉపన్యాసాలలో అరుదుగా వినిపిస్తుంది. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబకర్ (రజి) మక్కా విడిచి వెళ్ళేటప్పుడు దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే వ్యక్తిని కూలికి కుదుర్చుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాడు. మక్కావారు వెదుకుతున్న ఇద్దరి ప్రాణాలు అతని చేతిలో ఉన్నాయి. ఒంటెలను ముందే అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు రమ్మన్నారు. చెప్పిన వేళకు వచ్చాడు, తీర దారిని తీసుకుపోయాడు. మన పరిభాషలో అతడు ఏజెంటే. అతనిని ఎంచుకున్నది దారి తెలిసినవాడని, మాట తప్పనివాడని. మన మస్జిద్‌కు వచ్చేవాడా కాదా అన్నది కాదు.

ఈ మాట విన్నప్పుడు పిల్లవాడు తల వంచుకున్నాడు. మామూ అతని వీపు తట్టి, "వెళ్ళవద్దనడం లేదు బేటా. నేను వెళ్ళలేదూ? ఎలా వెళుతున్నావో చూసుకో అంటున్నాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పినవాటిని, మేము తెలుసుకున్నవాటిని కలిపి ఇక్కడ రాస్తున్నాము, ఏ ఇంటికైనా పనికి రావచ్చు. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ పనికి మనుషులను పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ వద్ద రిజిస్టరు అయి ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అతని పేరు ఉన్నదో లేదో చూసుకోవచ్చు. అతడు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టుకు గల్ఫ్ వంటి 18 దేశాలకు వెళ్ళే ముందు ఎమిగ్రేషన్ తనిఖీ, ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రమాద బీమా. అటువంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండాలి. మా పిల్లవాడు ఐటీఐ చదివినవాడు కనుక అతనికి ఆ తనిఖీ లేదు. చదువుకున్నవాడు తన సంగతి తానే చూసుకుంటాడని ప్రభుత్వం అనుకున్నది. చూసుకోలేదన్నది మా ఇంటి అనుభవం.

మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత పిల్లవాడు మమ్మల్ని విజయపురి సౌత్ తీసుకుపోయాడు, మాచర్ల నుండి ఎంతో దూరం కాదు. నాగార్జునకొండకు పోయే పడవ వేళ మించిపోయింది. గట్టు మీదనే నిలబడ్డాము. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట, 1967లో కాలువలకు వదిలిన నీరు పల్నాడు మెట్ట పొలాలను మార్చాయి. మిరపకు, ప్రత్తికి, చివరకు కర్నూలు కూలీల రాకకు కూడా కారణం ఆ నీరే. దాని అడుగున ఒక లోయ ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల నగరం ఉన్న చోటు. అక్కడ దొరికిన ఒక శిలాశాసనంలో బోధిసిరి అనే స్త్రీ చేసిన దానాలు చెక్కి ఉన్నాయి. అందులో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, సింహళం వంటి దేశాల పేర్లు వస్తాయి. సింహళవాసుల కోసం ఇక్కడ ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. పరదేశులు వచ్చి నిలిచిన నేల ఇది. ఆ ఊరు, దానిని కట్టించిన రాజులు నీటి కిందికి పోయినా, ఎవరు ఎవరికి ఏమిచ్చారో రాతి మీద నిలిచింది.

తిరుగుదారిలో పిల్లవాడు బస్సులోనే ఏజెంటుకు ఫోను చేశాడు. కంపెనీ పేరు, పని ఒప్పందం, రసీదు అడిగాడు. అవతలి గొంతు మొదట నవ్వింది, తర్వాత విసుక్కున్నది, చివరకు "నమ్మకం లేకపోతే వదిలెయ్" అన్నది. ఇచ్చిన అరవై వేలు ఎప్పుడిస్తారన్న ప్రశ్నకు సమాధానం రాలేదు. అది ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మస్జిద్ పెద్దలు మధ్యవర్తిత్వం చేస్తే కొంత వచ్చింది, తక్కినదానికి గడువు పెట్టారు. ఈసారి కాగితం మీద, ఇద్దరి సాక్ష్యంతో. ఆపా గాజులు ఆమె చేతికే ఉన్నాయి. పిల్లవాడు రిజిస్టరైన వేరొక సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడ పరీక్ష ఉన్నదని పాత పుస్తకాలు బయటికి తీశాడు.

శుక్రవారం జుమా తర్వాత మేము బయలుదేరబోతూ చేను వైపు వెళ్ళాము. భాయిజాన్ గుడారాల ముందు నులకమంచం మీద కూర్చొని ఉన్నారు. ఎదురుగా కర్నూలు మేస్త్రీ. అడ్వాన్సు ఎంత, ఎన్ని రోజుల కోత అయింది, ఎవరికెంత ముట్టింది అన్నది ఇంతవరకు మేస్త్రీ చిట్టా పుస్తకంలోనే ఉండేది. అది అతని లెక్క, అతని చేతిరాత. ఇప్పుడు పిల్లవాడు కొత్త నోటుపుస్తకం తెరచి, ఒక్కొక్క కుటుంబాన్ని పిలిచి, వారు చెప్పిన రోజులను, తీసుకున్న డబ్బును వారి మాటల్లోనే రాస్తున్నాడు. రాసినది పైకి చదివి వినిపిస్తున్నాడు. మేస్త్రీ ముఖం ముడుచుకున్నాడు గాని ఏమీ అనలేదు. ఒక ముసలామె తన వంతు రాగానే పుస్తకం దగ్గరకు వంగి చూసింది. అక్షరాలు రానిది. తన పేరు ఎక్కడ ఉన్నదని అడిగింది. పిల్లవాడు వేలితో చూపాడు. ఆమె ఆ చోట వేలు పెట్టి, ఇంకొకసారి చదవమన్నది.